ఓబులమ్మ ఆపరేషను, నా అసమ్మతి

1954 జూన్‌లో నన్ను కడప జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఉమెన్ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. ఆసుపత్రి ఏదో చెప్పను. అక్కడ నాతో పనిచేసిన వాళ్లు కొందరు ఇంకా ఉన్నారు, వాళ్లకు నాకంటే జ్ఞాపకశక్తి ఎక్కువ. ఉమెన్ అసిస్టెంట్ సర్జన్ అంటే పేరులో సర్జనే గాని కత్తి పట్టేది తక్కువ. ఆడవాళ్ల వార్డు, కాన్పుల గది, ఉదయం పూట బయటి రోగులు నా బాధ్యత. వారానికి రెండు రోజులు థియేటర్లో మత్తు ఇవ్వాలి. అప్పట్లో జిల్లాల్లో మత్తుకని వేరే డాక్టరు ఉండేవాడు కాదు. చేయి ఖాళీగా ఉన్న డాక్టరు ఇవ్వాలని వాడుక. నా చేయి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు, అయినా ఆ పని నాకే పడేది. కోసేది మాత్రం మా పై అధికారి, సర్జన్ గారు. ఆయన చేయి వేగం. నోరు అంత వేగం కాదు.

నేను కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని. ఆ ప్రాంతానికి వెళ్లేసరికి కరువు తగ్గి కొద్దికాలమే అయింది. ప్రభుత్వం గంజి కేంద్రాలు నడిపిన సంగతి అందరి నోళ్లలోనూ ఉండేది. మా వార్డులో సగం మందికి అసలు రోగం తిండి చాలకపోవడమే. రోగులకు పెట్టే ఆహారానికి ఆసుపత్రిలో ఒక పట్టిక ఉంటుంది. ఫుల్ డైట్, హాఫ్ డైట్, మిల్క్ డైట్ అని మూడు రకాలు. బలహీనులకు పైన ఒక గుడ్డో, రొట్టెముక్కో డాక్టరు రాయవచ్చు. మనిషిని సన్నగా చేయడానికి ఒక డైట్ అవసరమవుతుందని ఆ పట్టిక తయారుచేసిన వాళ్లకు తోచలేదు. తోచకపోవడంలో వాళ్ల తప్పు లేదు.

అలాంటి చోటికి ఆ కార్తీకంలో ఓబులమ్మ వచ్చింది. బద్వేలు తాలూకాలో ఒక పల్లె, సొంత సేద్యం, వయసు నలభై అయిదు ఉండవచ్చు. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. బస్సులో ఇద్దరు కూర్చునే సీటుకు రెండు టిక్కెట్లు కొనుక్కుని వచ్చానని ఆమే చెప్పింది, సిగ్గుపడుతూ కాదు. తూకం వేస్తే రెండువందల ముప్ఫై పౌన్లు. అంతకంటే లావైనవాళ్లను డెల్టాలో చూశాను. ఈమె లావంతా ఒక్కచోట చేరింది. పొట్ట కొవ్వు మడతపడి తొడల మీదికి జారి వేలాడుతోంది. మడత కింద ఒరుసుకుని పుండ్లు. నాలుగు బారలు నడిస్తే రక్తం చిమ్మేది.

ఆమె అడిగింది సూటిగా అడిగింది. “ఈ పొట్ట కోసి తీసెయ్ డాక్టరమ్మా. జొన్న కోతలకు ముందే తీసెయ్యల్ల. నేను కనమ ఎక్కల్ల.”

నేను ఆమెను మీరు అనేదాన్ని, ఆమె నన్ను నువ్వు అనేది. ఇద్దరికీ అదే సరిగా తోచేది. పొట్ట కోసి తీయడం మామిడిపండు చెక్కు తీయడం కాదని చెప్పాను. దానికి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వాళ్ల ఊళ్లో తిప్పన్న అనే అతనికి గుమ్మడికాయంత బుడ్డ ఉంటే మా ఆసుపత్రిలోనే కోసి తీశారట. “ఆయప్పకు మోసేది మాన్పినారు గదా, నాకు మాత్రం యాల కాదు?” అంది. బుడ్డలో ఉండేది నీరు, సంచి తెరిస్తే పోతుంది, ఇది ఒంట్లో కొవ్వు అని వివరించాను. “నీళ్లయితేనేమి, కొవ్వయితేనేమి, మోసేది నేనే గదమ్మా” అంది.

కనమ సంగతి చెప్పాలి. ఆమె మంచి చేను ఊరికి అవతల, కొండల నడుమ సందు దాటితే వస్తుంది. ఆ సందునే కనమ అంటారు. రాళ్లదారి, బండి పోదు. గింజలు ఎద్దుల మీద గోతాలు వేసి దించుకోవాలి. అందుకని పంట కొలత అక్కడే, కళ్లంలోనే జరుగుతుంది. నూర్చిన జొన్నలు రాశి పోసి, ఎవరూ చేయి పెట్టకుండా దాని మీద బూడిదతో గీతలు గీస్తారు. సేద్యగాడు వచ్చి ఎదురుగా కూర్చున్న తరువాతే గీత చెరిపి కొలుస్తారు. ఎవరు కూర్చుంటే వాళ్లదే సేద్యమని ఊరి లెక్క. పట్టా ఎవరి పేరుతో ఉందన్నది కడపలో కచేరీవాళ్ల లెక్క. నడవలేక ఓబులమ్మ రెండేళ్లుగా కళ్లానికి పోలేదు. ఆమె బదులు మరిది గంగిరెడ్డి కూర్చున్నాడు. రెండేళ్లూ పంట పోయిందన్నాడు. మూడో ఏడూ వదిన రాకపోతే ఇక సేద్యం తనదేనని ఊరి పెద్దల ముందు అనేశాడు. పెద్దలు కాదనలేదు.

ఇదంతా ఆమె మొదటిరోజే చెప్పింది. నేను విన్నాను. విని, డాక్టర్లు చేసే పనే చేశాను. ప్రమాదాలు లెక్కపెట్టాను. లావుపాటి మనిషికి ఈథరు ఇస్తే మత్తు ఆలస్యంగా ఎక్కుతుంది, ఆలస్యంగా దిగుతుంది, నడుమ ఊపిరి ఆడదు. కొవ్వులో వేసిన కుట్టు సరిగా అతకదు, చీము పడుతుంది. మంచం మీద కదలకుండా ఉంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టి గుండెకు ఎక్కవచ్చు. ఇంత చేసీ పోయేది కొద్ది పౌన్లు, అవీ మళ్లీ వస్తాయి. ముందు తిండి తగ్గించి నలభై పౌన్లు తగ్గండి, ఆ తరువాత చూద్దాం అన్నాను. ఈ రోజు ఎవరైనా అడిగినా ఆ అభిప్రాయంలో అక్షరం మార్చను.

అన్నం మానేయమన్నాను. డెల్టా బుద్ధి. లావైన మనిషంటే మూడు పూటలా వరన్నం నెయ్యి వేసుకుని తినేవాళ్లని నా నమ్మకం. ఆమె “అన్నం యాడ తింటాండామమ్మా? పండగకు తింటాము. దినమూ సంగటే. అదీ వద్దంటే గాలి తినల్లా?” అంది. అయినా ఒప్పుకుని వార్డులో చేరింది. హాఫ్ డైట్‌లో సగం రాశాను. వంటమనిషి ఆ చీటీ పట్టుకుని రెండుసార్లు వచ్చి, పొరపాటు రాశానేమోనని అడిగి వెళ్లాడు. మా కాంపౌండరు, మింగ మెతుకు లేని చోట ఇదేం వైద్యమని నాకు వినిపించేటట్టే గొణిగాడు.

మొదటి సోమవారం తూకం వేస్తే ఒక పౌను పెరిగింది. త్రాసు తప్పు అనుకున్నాను. రెండో సోమవారం ఇంకో రెండు పెరిగాయి. త్రాసు మీద నేనే ఎక్కి చూసుకున్నాను. త్రాసు బాగానే ఉంది.

మధ్యాహ్నం రోగుల బంధువులు తిండి తెచ్చే వేళకు చెప్పకుండా వార్డుకు వెళ్లాను. ఓబులమ్మ మంచం చుట్టూ ఆడవాళ్లు. పక్క మంచం ఖాసింబీ, గర్భసంచి జారి చేరిన ముసలామె, తన సంగటి ముద్దలో సగం తుంచి ఓబులమ్మ చేతిలో పెడుతోంది. ఇంకొకామె ఊరిబిండి పచ్చడి. మరొకామె ఉడకేసిన శనక్కాయలు. వార్డంతా వంతులు వేసుకున్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అక్కడ మాత్రం వద్దన్నా పెడుతున్నారు. ఓబులమ్మ వద్దనడం నేను కళ్లారా చూశాను. తరువాత తినడమూ చూశాను. పెట్టిన ముద్ద తోసేస్తే పెట్టినవాళ్లను అవమానించినట్టు.

నేను కోప్పడ్డాను. అందరూ తల దించుకున్నారు. ఖాసింబీ దించుకోలేదు. “ఆయమ్మ పస్తు కూసోనుంటే ఎదురుగా మేమెట్ల తినేదమ్మా, గొంతు దిగుతుందా?” అంది. “కరువులో మాకు సర్కారే గంజి పోసె. ఇప్పుడు ఆ సర్కారే ఒక మనిషికి కూడు ఆపుతాండాది. ఆయమ్మ ఏం తప్పు చేసెనని?”

అది శిక్ష కాదు, చికిత్స అని చెప్పాను. గంజి కోసం వరసలో నిలబడి వచ్చినవాళ్లకు ఆకలిని మందుగా అమ్మడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. నిజం చెప్పాలంటే వాళ్ల మీద కోపం నిలవలేదు. ఎదుటి మనిషి తినకపోతే తాము తినలేని ఆడవాళ్లు నలభైమంది ఒకచోట ఉంటే ఏ డైటూ పనిచేయదు. ఓబులమ్మను వేరే గదిలో పెడదామంటే వేరే గది లేదు. ఇంటికి పంపి తగ్గించుకోమందామంటే ఊరు ఇంతకంటే పెద్ద వార్డు. పుండ్లు మాత్రం రోజురోజుకూ లోతవుతున్నాయి. పొలాల్లో జొన్న కంకి వేసిందని వచ్చేపోయేవాళ్లు చెబుతున్నారు.

విషయం సర్జన్ గారి ముందు పెట్టాను. ఆయన వచ్చి చాలాసేపు పరీక్ష చేశాడు. బొడ్డు పక్కన ఉసిరికాయంత హెర్నియా పట్టుకున్నాడు. అంటే పొట్ట గోడలో సందు పడి లోపలిది బయటికి పొడుచుకు రావడం. అది ఉందని ఓబులమ్మకే తెలియదు. కానీ ప్రభుత్వ ఆసుపత్రిలో లావుకు ఆపరేషను లేదు, హెర్నియాకు ఉంది. హెర్నియా సరిచేస్తూ దారికి అడ్డం వచ్చిన మడత తీసేస్తానన్నాడు. అడ్డం వచ్చేది పదకొండు పౌన్లదాకా ఉంటుందని నవ్వకుండా అన్నాడు. నేను నా అభ్యంతరాలు మళ్లీ చెప్పాను. ఆయన అన్నీ విని, “మీ అభిప్రాయం కేసు షీటులో రాయండి. మత్తు కూడా మీరే ఇవ్వండి. భయపడేవాళ్లు జాగ్రత్తగా ఇస్తారు” అన్నాడు. రెండూ చేశాను.

ఆపరేషనుకు ముందు ఒప్పుదల తీసుకోవాలి. రోగికి మైనారిటీ తీరి, తెలివిలో ఉంటే ఆ రోగి వేలిముద్ర చాలు. నిబంధన అంతే. అయితే వాడుక వేరు. ఆడరోగి అయితే ఎవరో ఒక మగబంధువు సంతకం పెట్టందే ఏ ఆసుపత్రిలోనూ కత్తి పట్టేవాళ్లు కాదు. రేపు ఏదైనా జరిగితే కర్రలు తీసుకుని వచ్చేది మగవాళ్లే గనక. ఓబులమ్మకు ఉన్న మగదిక్కు గంగిరెడ్డే. కబురు పెడితే తెల్లటి పంచె కట్టుకుని మర్నాడే వచ్చాడు. వదినకు అరటిపండ్లు కూడా తెచ్చాడు. సర్జన్ గారు కాగితం చాపితే సంతకం మాత్రం పెట్టలేదు. నా అభ్యంతరం సంగతి వార్డులో అప్పటికే విన్నాడు.

“డాక్టరమ్మే వద్దంటాంటే నేనెట్ల పెట్టేది సార్? మా వదిన పానం నాకు ముఖ్యం. ఈయమ్మ మాట నాకు వేదం” అన్నాడు, నాకు దండం పెడుతూ.

సర్వీసులో నా మాటను వేదమన్నవాళ్లు తక్కువ. ఆ ఒక్కడూ ఇలాంటివాడు కావడం నా ఖర్మ. అతను చెప్పింది అబద్ధమూ కాదు. నేను వద్దన్నది నిజం, రాసింది నిజం. మంచం మీద నుంచి ఓబులమ్మ నావైపు చూసింది. “వింటివా డాక్టరమ్మా? నీ మాట యాడికి పోయి నిలబడిందో సూడు” అంది. గొంతు పెంచలేదు. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో అప్పుడు తేల్చుకోలేదు.

సర్జన్ గారు గంగిరెడ్డి ముందే నన్ను అడిగాడు. సంతకం లేకపోతే ఆపేద్దామా అని. ఆపేద్దామంటే నా అభిప్రాయం నెగ్గేది. ఆపరేషనుకు నేను ఇప్పటికీ వ్యతిరేకమేనని చెప్పాను. కానీ నా వ్యతిరేకత నాకూ ఈ రోగికీ మధ్య సంగతి, ఈయన రోగి కాడు, నిబంధన ప్రకారం ఆమె వేలిముద్ర చాలు అన్నాను. తరువాత ఓబులమ్మ పక్కన కూర్చుని, ప్రాణం పోవచ్చునని మళ్లీ ఒకసారి, మెత్తని మాటలు కలపకుండా చెప్పాను. “ఈడ పోతే ఒకసారే పోతాది. ఆడ దినమూ పోతాంది” అని వేలు చాపింది. గంగిరెడ్డి అరటిపండ్లు అక్కడే వదిలి వెళ్లిపోయాడు. వార్డువాళ్లు వాటిని పంచుకున్నారు.

మార్గశిరంలో ఆపరేషను జరిగింది. ముందు వెన్నులో సూదితో మత్తు ఇవ్వాలని చూశాను. దానికి వెన్నుపూసల సందు వేలికి తగలాలి. ఆ వీపులో పూసలు ఉన్నాయని శాస్త్రాన్ని బట్టి నమ్మవలసిందే గాని వేలికి ఏదీ తగల్లేదు. రెండు సూదులు వంగాక ఈథరుకు దిగాం. జాలీ ముసుగు మీద గుడ్డ పరచి, చుక్క చుక్కగా ఈథరు పోస్తూ, రెండో చేత్తో రోగి దవడ ముందుకు లాగి పట్టుకోవాలి. వదిలితే నాలుక వెనక్కి పడి ఊపిరి ఆగుతుంది. సన్నటి మనిషికి ఇది ఒక చేతి పని. ఓబులమ్మకు రెండు చేతులూ చాలలేదు. సర్జన్ గారు మడత ఎత్తి కోస్తున్న సమయంలో ఆమె పెదవులు నీలంగా మారాయి. రొమ్ము లేవడం ఆగింది. ఈథరు ఆపి, నాలుకను పట్టకారుతో బయటికి లాగి, ఆక్సిజన్ గొట్టం ముక్కు దగ్గర పెట్టి, రొమ్ము రెండు పక్కలా నొక్కాను. కత్తి ఆగింది. ఎలా ఉందని సర్జన్ గారు అడిగాడు. నేను రొమ్ము నొక్కుతూనే ఉన్నాను. నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు గాని, ఆ కాసేపూ ఒంటిమిట్ట రాముడి దగ్గరనుంచి మా ఊరి పోలేరమ్మ దాకా ఎవరినీ వదల్లేదు. గుర్రుమని ఒక ఊపిరి వచ్చింది. తరువాత ఇంకొకటి. “ఉంది” అన్నాను. ఆయన మళ్లీ కోయడం మొదలుపెట్టాడు.

తీసిన మడత ఎనామిల్ బేసిన్‌లో వేసి తూచాం. సర్జన్ గారి అంచనా సరిపోయింది. మర్నాడు ఓబులమ్మ ఎంత తూగిందని అడిగింది. మూడున్నర వీశెలు అన్నాను. “అంతేనా? మూట మాదిరి ఉన్నింది గదమ్మా” అని నిరాశపడింది.

నేను చెప్పిన ప్రమాదాల్లో ఒకటి మాట నిలబెట్టుకుంది. ఆరో రోజు కుట్టు నడుమ తెరుచుకుంది. కొవ్వు కరిగి పచ్చటి నూనెలా కారేది. పెన్సిలిన్ సూదులు, యూసాల్ మందులో తడిపిన గుడ్డ రోజుకు రెండుసార్లు గాయంలో కూరడం. కొత్త కండ అడుగునుంచి మెల్లగా రావాలి. పుష్యం గడిచింది. గాయం ఇంకా బెత్తెడు పొడుగున తెరిచే ఉంది. అప్పుడు ఊరినుంచి ఎవరో వచ్చి జొన్న కోత మొదలైందని చెప్పారు.

ఇంకో నెల ఉండాలన్నాను. ఇది నా రెండో వద్దు. “నేనొచ్చే దాకా జొన్నలు కళ్లంలో కూసోనుండవు డాక్టరమ్మా” అంది. వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నానని వేలిముద్ర వేయించుకుని పంపడం పద్ధతి. వేయించుకున్నాను. ఆ తరువాత ఒక చిన్న అద్దం ఇచ్చి, గాయం తానే చూసుకుంటూ కట్టు మార్చుకోవడం నేర్పాను. రెండు చుట్టల గాజుగుడ్డ, ఒక సీసా మందు ఇచ్చాను. చాలా ఏళ్ల తరువాత తన కడుపు కింది భాగం చూస్తున్నానని అద్దం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. కట్టు తడిసినా కనమ ఎక్కుతావా అని కసిరాను. అప్పటికి మీరు పోయి నువ్వు వచ్చేసింది. ఆమె గాజుగుడ్డ చుట్టలు కొంగున కట్టుకుంది. వెళ్లేటప్పుడు ఖాసింబీ మూటలో ఏదో కట్టి ఇచ్చింది. ఏమిటని నేను అడగలేదు.

తరువాత ఏ కబురూ లేదు. చీము ఒంట్లోకి పాకి ఆమె పోయి ఉంటుందని నాలో నేను ఖాయం చేసుకున్నాను. ఆమె మంచంలో ఎవరు పడుకున్నా కొన్నాళ్లు నాకు చిరాకుగా ఉండేది.

శ్రావణంలో ఒక ఉదయం బయటి రోగుల వరసలో ఓబులమ్మ నిలబడి ఉంది. బస్సు దిగి నడిచే వచ్చానంది. గాయం పూడి, వంకర మచ్చ మిగిలింది. కళ్లం సంగతి అడిగాను. పొద్దు పొడవక ముందే బయలుదేరి, నాలుగుచోట్ల కూర్చుని లేచి, కనమ దాటిందట. గంగిరెడ్డి అప్పటికే రాశి ముందు గొంగడి పరుచుకుని ఉన్నాడు. ఈమె వెళ్లి ఆ గొంగడి మీదే కూర్చుంది. ఊరి పెద్దలు గీత చెరపమన్నారు. కొలతయ్యే దాకా కట్టు తడిసి చీర అంటుకున్నా లేవలేదట. పంట కిందటి రెండేళ్లకంటే బాగా వచ్చింది. వాన మాత్రం ఆ రెండేళ్లకంటే తక్కువే పడిందని చెప్పింది. ఈ ఏడు విత్తనం తానే వేయిస్తానంది.

త్రాసు ఎక్కించాను. రెండువందల ఇరవై ఎనిమిది. కోసి తీసింది దాదాపు అంతా తిరిగి వచ్చేసింది, ఈసారి ఒంటినిండా సమానంగా సర్దుకుంది. నేను మొదటిరోజే చెప్పింది అక్షరాలా జరిగినందుకు, దాచుకోవడమెందుకు, నాకు కొంత తృప్తి కలిగింది. చూశావా, బరువు తగ్గదని నేను చెప్పలేదా అన్నాను.

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. “బరువు తగ్గించమని నేనెప్పుడడిగినానమ్మా?” అంది. “కనమ ఎక్కల్లంటి. ఎక్కితి.”

ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. వద్దనవలసి వచ్చినప్పుడల్లా వద్దనే అన్నాను. అయితే అంతకు ముందు, ఇది అయ్యాక ఎక్కడికి వెళ్లాలి అని అడిగేదాన్ని. చాలామందికి వెళ్లవలసిన చోటంటూ ఉండేది కాదు, పక్కింటివాళ్లు చేయించుకున్నారని వచ్చేవాళ్లు. వాళ్లను గట్టిగా కసిరి పంపేదాన్ని. చోటు ఉన్నవాళ్లకు ప్రమాదం ఎంతో చెప్పి, నా అసమ్మతి కేసు షీటులో రాసి, ముసుగు పట్టుకుని తల దగ్గర నిలబడేదాన్ని.